కలిసిపోవడం, కలుపుకోవడం: తాన్యా ఒస్తోయిచ్ కళాకృతిపై ఒక వేదాంత విమర్శ

ప్రవేశిక

వలస వచ్చిన మనిషి కొత్త దేశపు జీవితంలో భాగం కావడాన్ని ఐరోపా ప్రభుత్వాలు ఇంటిగ్రేషన్ అని పిలుస్తాయి. ఈ ఒక్క మాటను తెలుగులో చెప్పబోతే రెండు క్రియలు కావలసి వస్తాయి. మొదటిది కలిసిపోవడం. అది వచ్చినవారు చేయవలసిన పని. రెండవది కలుపుకోవడం. అది ముందునుండి ఉన్నవారు చేయవలసిన పని. ఒకే మాట ఈ రెండు పనులనూ కప్పివేసినప్పుడు రెండవ పని నెమ్మదిగా కనుమరుగవుతుంది, భారమంతా మొదటి పని మీదనే పడుతుంది. ఈ వ్యాసంలో మేము ఒక కళాకృతిని ఆధారం చేసుకొని ఆ రెండవ పని ఎక్కడ తప్పిపోయిందో పరిశీలించదలిచాము.

ఆ కళాకృతి సెర్బియా దేశస్థురాలైన తాన్యా ఒస్తోయిచ్ 2000 నుండి 2005 వరకు నడిపినది. దాని పేరును మన పత్రికల ప్రకటనల భాషలో చెప్పాలంటే ‘ఐరోపా సమాఖ్య పాస్‌పోర్టు గల భర్త కావలెను’ అనవచ్చు. ఇది చిత్రం కాదు, శిల్పం కాదు. కాన్సెప్చువల్ ఆర్ట్ అని పేరుపడిన భావప్రధాన కళకు చెందినది. 1960ల నుండి బలపడిన ఈ మార్గంలో చేతిపనితనం కంటే ఆలోచన ముఖ్యం. ఉత్తరాలు, ధ్రువపత్రాలు, ఫోటోలు, చివరకు కళాకారుల జీవితంలోని సంవత్సరాలు కూడా ఇందులో కళకు ముడిసరుకు అవుతాయి.

ఇటువంటి విషయం వేదాంత పత్రికలో ఎందుకు అని పాఠకులు అడుగవచ్చు. ప్రవక్తల గ్రంథాలు చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. యెషయా మూడు సంవత్సరాలు దిగంబరిగా, చెప్పులు లేకుండా తిరిగి, చెరపట్టబడబోయే జనుల గతిని తన దేహం మీద చూపాడు (యెషయా 20). యెహెజ్కేలు వలసపోయేవాని వలె సామాను కట్టుకొని, జనులు చూస్తుండగా గోడకు కన్నం వేసి బయటికి నడిచాడు (యెహెజ్కేలు 12). హోషేయకు వివాహమే సందేశమైంది (హోషేయ 1). ఈ కళాకారిణి ప్రవక్త్రి అని మేము అనడం లేదు. అయితే మాట చాలనప్పుడు దేహాన్నీ ప్రయాణాన్నీ పెండ్లినీ సూచకక్రియగా మార్చడం మన గ్రంథానికి తెలిసిన విషయమే. కావున దానిని పరీక్షించే అర్హత, బాధ్యత మనకున్నాయి.

కృతి నేపథ్యం, నడిచిన తీరు

తాన్యా ఒస్తోయిచ్ 1972లో నాటి యుగోస్లావియాలోని ఉజిత్సె పట్టణంలో జన్మించింది. శిల్పకళ అభ్యసించింది. ఆమె యౌవనంలోనే దేశం ముక్కలైంది. 1992లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాయి. 1999 మార్చి నుండి జూన్ వరకు నాటో విమానాలు 78 రోజులు బాంబులు వేశాయి. ఒకప్పుడు యుగోస్లావియా పాస్‌పోర్టుతో ఐరోపాలో తేలికగా తిరిగిన ప్రజలు వీసా కోసం రాయబార కార్యాలయాల ముందు తెల్లవారుజామునే బారులు తీరవలసి వచ్చింది. సెర్బియా పౌరులకు షెంగెన్ దేశాల స్వల్పకాలిక ప్రయాణాలలో వీసా నిబంధన తొలగినది 2009 డిసెంబరు 19న మాత్రమే.

2000లో ఆమె రెండు చిన్న కృతులు చేసింది. మొదటిది ‘వీసా కోసం ఎదురుచూపు’. బెల్గ్రేడ్‌లోని ఆస్ట్రియా కాన్సులేటు ముందు వందలాది మందితో కలిసి ఆరు గంటలు వరుసలో నిలబడి, ఫలితం లేకుండా తిరిగిరావడమే ఆ కృతి. రెండవది, స్లొవేనియా నుండి ఆస్ట్రియాకు అనుమతి లేకుండా సరిహద్దు దాటడం. వీటి తరువాత వచ్చినదే మనం పరిశీలిస్తున్న ఐదేళ్ల కృతి.

2000 ఆగస్టులో ఆమె ఇంటర్‌నెట్‌లో వివాహ ప్రకటన ఇచ్చింది. ప్రకటనతోపాటు తన ఫోటో పెట్టింది. అందులో ఆమె వివస్త్ర. తల మీదా దేహం మీదా వెంట్రుకలు లేవు. ముఖంలో నవ్వు లేదు, ఆకర్షించే ప్రయత్నం లేదు. పెండ్లికూతురి ఫోటో ఎలా ఉండాలని లోకం ఆశిస్తుందో దానికి అది పూర్తిగా విరుద్ధం. అది చూసినప్పుడు నిర్బంధ శిబిరాల ఖైదీలు, వైద్య పరీక్షకు నిలబెట్టిన మనుషులు జ్ఞాపకం వస్తారు. యెషయా 20వ అధ్యాయాన్ని వ్యాఖ్యానించేవారు ఈ చిత్రాన్ని అశ్లీలమని తొందరపడి తోసివేయలేరు. అక్కడా ఇక్కడా నగ్నత్వం కోరికను రేపడానికి కాదు, పరాధీనతను చూపడానికి.

ప్రపంచం నలుమూలల నుండి జవాబులు వచ్చాయి. ఆమె జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు 500 దాటాయి. వారిలో ఒక జర్మన్ పౌరునితో ఆరు నెలలు ఉత్తరాలు నడిచాక, 2001 నవంబరు 28న బెల్గ్రేడ్ సమకాలీన కళల మ్యూజియం ముందున్న మైదానంలో అందరూ చూస్తుండగా ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నారు. నెల తరువాత న్యూ బెల్గ్రేడ్‌లో చట్టబద్ధంగా వివాహం జరిగింది. వివాహ ధ్రువపత్రం జతచేసి ఆమె జర్మనీ వీసాకు దరఖాస్తు చేసింది. రెండు నెలలకు కుటుంబ పునరేకీకరణ వీసా వచ్చింది. అది ఒకే ప్రవేశానికి, మూడు నెలలకు పరిమితం. ఆమె డ్యుసెల్‌డోర్ఫ్‌కు చేరి అక్కడ మూడున్నరేళ్లు నివసించింది. 2005 వసంతంలో మూడేళ్ల అనుమతి ముగిసింది. అధికారులు శాశ్వత నివాసానికి బదులు మరో రెండేళ్ల గడువు మాత్రమే ఇచ్చారు. ఆ తరువాత విడాకులు జరిగాయి. 2005 జూలై 1న బెర్లిన్‌లోని ఒక గ్యాలరీలో ‘ఇంటిగ్రేషన్ ప్రాజెక్టు ఆఫీసు’ అనే పేరుతో ప్రదర్శన తెరిచి, ఆ సందర్భంగా ఆమె ‘విడాకుల విందు’ ఏర్పాటు చేసింది.

కృతి చెబుతున్నదేమిటి

ఈ కృతిని గోడమీద చూడబోతే కనిపించేవి ప్రకటన, ఉత్తరాలు, వివాహ ధ్రువపత్రం, వీసా ముద్రలు, ఫోటోలు, వీడియో. ఒక మనిషి జీవితంలోని ఐదేళ్లు ఒక దస్త్రంగా మారిపోయాయి. ఈ మార్పే ఇందులోని అసలు విషయమని మా అభిప్రాయం.

సాధారణంగా ఇంటిగ్రేషన్ అంటే భాష నేర్చుకోవడం, పొరుగువారితో పరిచయం, పని దొరకడం అనుకుంటాము. జర్మనీలో 2005 జనవరి 1న అమలులోకి వచ్చిన వలస చట్టం 600 గంటల భాషా శిక్షణ, 30 గంటల పరిచయ పాఠాలతో ఇంటిగ్రేషన్ కోర్సును ఏర్పాటు చేసింది. భాష నేర్పడం మంచిదే. అయితే ఇక్కడ కలిసిపోవడానికి గంటల లెక్క ఉన్నది. కలుపుకోవడానికి అటువంటి లెక్క లేదు. వలసవచ్చిన స్త్రీ ఎన్ని గంటలు చదివిందో ప్రభుత్వం అడుగగలదు. ఆమె పక్కింటివారు ఆమెతో ఎన్ని గంటలు మాట్లాడారో ఎవరూ అడుగరు.

ఒస్తోయిచ్ కృతి ఈ అసమానతను ఒక అడుగు ముందుకు తీసుకుపోతుంది. ఆమె శిల్పి, చదువుకున్నది, అంతర్జాతీయ ప్రదర్శనలకు ఆహ్వానం పొందినది. అయినా ఆ యోగ్యతలు ఆమెను సరిహద్దు దాటించలేకపోయాయి. భర్త పాస్‌పోర్టు దాటించింది. అంటే ఆ దేశం ఆమెను తీసుకోలేదు. తన పౌరుని భార్యను తీసుకున్నది, అదీ గడువులు పెట్టి. మొదట మూడు నెలలు, తరువాత మూడేళ్లు, తరువాత ఇంకో రెండేళ్లు. పరీక్ష పెట్టేవాడే పరీక్ష కాలాన్ని పొడిగించగల చోట అభ్యర్థి ఎప్పటికీ ఉత్తీర్ణుడు కాలేడు.

వివాహాన్ని సాధనంగా వాడడాన్ని మేము సమర్థించము. దేవుని ఎదుట చేసే ప్రమాణం వేరొకదానికి మెట్టు కాకూడదు. అయితే ఈ కృతిని ఖండించే ముందు ఒక సంగతి గమనింపవలసి ఉన్నది. వివాహాన్ని ప్రవేశపత్రంగా మార్చింది మొదట కళాకారిణి కాదు. మిగిలిన తలుపులన్నీ మూసి ఆ ఒక్క తలుపు తెరిచి ఉంచిన వ్యవస్థ. ఆమె ఆ తలుపు గుండా నడిచి, నడిచినట్లు అందరికీ చూపింది. చూపడమే ఆమె చేసిన అదనపు పని.

రూతు గ్రంథం ఎదుట

ఈ కృతిని చదివిన తరువాత రూతు గ్రంథాన్ని తెరిస్తే కొన్ని వచనాలు వేరుగా వినిపిస్తాయి. మన ప్రసంగాలలో రూతు మంచి కోడలు. అత్త దేవుణ్ణి తన దేవునిగా చేసుకొన్నది, కష్టపడి పరిగె ఏరుకున్నది, దీవించబడినది. అంటే బాగా కలిసిపోయిన పరదేశురాలు. ఇది నిజమే కాని సగం మాత్రమే.

మొదట ఆమె పేరు చూద్దాము. బేత్లెహేముకు వచ్చిన తరువాత కూడా ఆమె మోయాబీయురాలైన రూతే (1:22, 2:2, 2:21). పొలం లావాదేవీలో ఆమె పేరు వచ్చినప్పుడు (4:5), పదిమంది పెద్దల ముందు బోయజు ఆమెను భార్యగా ప్రకటించినప్పుడు (4:10) కూడా ఆ విశేషణం వదలలేదు. బోయజు పాదాల దగ్గర సాగిలపడి తనను తాను పరాయిదానిగా చెప్పుకొన్నప్పుడు (2:10) హెబ్రీ మూలంలో ఒక పదక్రీడ ఉన్నది. గుర్తించడం అనే క్రియ, పరాయిది అనే నామం ఒకే ధ్వనిని మోస్తాయి. నన్ను గుర్తించావు, నేనేమో గుర్తింపు లేనిదానను అన్నట్లుగా ఆ వాక్యం నడుస్తుంది. నాలుగవ అధ్యాయంలో రూతు ఒక్క మాట కూడా మాట్లాడదు. కుమారుడు పుట్టగానే పొరుగు స్త్రీలు నయోమికి కుమారుడు పుట్టాడని అంటారు (4:17). కలిసిపోవడానికి ఆమె చెల్లించిన వెలను గ్రంథకర్త దాచిపెట్టలేదు. మనమే దానిని చదవకుండా దాటిపోతున్నాము.

ఇప్పుడు రెండవ సగం. కలుపుకోవడం ఈ గ్రంథంలో ఎక్కడున్నది? రెండవ అధ్యాయంలో క్రియలను ఎవరు చేస్తున్నారో చూడవలెను. పనివారు ఆమెను ముట్టకూడదని ఆజ్ఞాపించినది బోయజు. దాహమైతే తన పనివారు చేదిన నీళ్లు త్రాగమన్నది బోయజు (2:9). భోజనవేళ దగ్గరకు పిలిచి రొట్టె పెట్టినది బోయజు (2:14). ఆమె కోసం కావాలని పిడికిళ్లు వదలమన్నది బోయజు (2:16). ఆమెను గురించి అతడు మంచిగా విన్న మాట వాస్తవం (2:11). కాని పరిగె ఏరుకునే హక్కు ఆమె మంచితనం మీద ఆధారపడలేదు. పొలం మూలలూ పరిగె పరదేశికి విడిచిపెట్టమని ధర్మశాస్త్రం ముందే చెప్పింది (లేవీయకాండము 19:9-10). అంటే ఇశ్రాయేలులో కలుపుకోవడం దయ కాదు, చట్టం. యజమాని మీద పెట్టబడిన చట్టం.

అదే ధర్మశాస్త్రం వేరొక చోట మోయాబీయులు పదియవ తరము వరకు సమాజంలో చేరకూడదన్నది (ద్వితీయోపదేశకాండము 23:3). రూతు మునిమనుమడు దావీదు మూడవ తరంలోనే సింహాసనం ఎక్కాడు. ఒక్క గ్రంథంలోనే మూసే మాట, తెరిచే మాట రెండూ ఉన్నాయి. మత్తయి తన వంశావళిలో రూతు పేరు రాసి (1:5) సంఘం ఏ మాట వైపు నిలబడాలో చెప్పాడు.

ఎజ్రా జాబితా

రూతు గ్రంథానికి ఎదురుగా ఎజ్రా పదియవ అధ్యాయం ఉన్నది. చెర నుండి వచ్చిన సమాజం అన్యస్త్రీలను పెండ్లాడినవారిని విచారించడానికి పెద్దలను నియమించింది. పదియవ నెల మొదటి దినాన మొదలైన విచారణ మొదటి నెల మొదటి దినానికి ముగిసింది (10:16-17). అధ్యాయం చివర పొడవైన జాబితా ఉన్నది. అందులో పురుషుల పేర్లున్నాయి, వారి వంశాలున్నాయి. పంపివేయబడిన భార్యలలో ఒక్కరి పేరు లేదు. వారు పిల్లలను వెంటబెట్టుకొని ఎక్కడికి వెళ్లారో లేదు.

ఒస్తోయిచ్ కృతి యొక్క బలం ఇక్కడ స్పష్టమవుతుంది. ఇందులో దస్త్రం రాసినది పరదేశియైన భార్య. అధికారులు ఆమె గురించి దాచుకునే కాగితాలను ఆమె తానే సేకరించి, పేరుపెట్టి, గోడకు వేలాడదీసింది. ఎజ్రా జాబితాలో లేని పేరు ఇక్కడ మొదటి పేరు అయింది. హోషేయ భార్య గోమెరు తన కథను తాను చెప్పుకోలేదు. ఈ స్త్రీ చెప్పుకొన్నది. మా దృష్టిలో ఈ కృతికి విలువ తెచ్చినది సంచలనం కాదు, ఈ సాక్ష్యమే.

కృతి పరిమితులు

అయినా ఈ కృతిని పూర్తిగా మెచ్చుకోలేము. సరిహద్దు దాటడం ఆమెకు కళ కూడా అయింది. పట్టుబడినా ఆమెకు వెనుక ఒక కళాలోకం, ఆహ్వానాలు, సాక్షులు ఉన్నారు. అదే దారిలో నడిచిన కూలివానికి అవి లేవు. విడాకుల విందు కూడా అటువంటిదే. జర్మన్ చట్టం ప్రకారం ఆ రోజులలో వివాహ సహజీవనం కనీసం రెండేళ్లు సాగితేనే విడిపోయిన భార్యకు స్వతంత్ర నివాస హక్కు వచ్చేది. 2011లో దానిని మూడేళ్లు చేశారు. తీవ్రమైన కష్టం ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, ఆ కష్టాన్ని రుజువు చేయవలసిన భారం ఆమెదే. ఆ గడువు నిండేవరకు దెబ్బలు భరించే స్త్రీకి విడాకులు విందు కావు. కృతి ఆ స్త్రీ వైపు వేలు చూపుతుంది గాని ఆమె స్థానంలో నిలబడలేదు.

రెండవ పరిమితి మరింత లోతైనది. మూసిన తలుపును ఈ కృతి నిర్దాక్షిణ్యంగా చూపుతుంది. తెరిచిన తలుపు ఎలా ఉంటుందో చూపదు. ఈ విషయంలో పోలెండు నుండి 1977లో కెనడాకు వలసవెళ్లిన క్షిష్టోఫ్ వొదిచ్కో కృతిని పక్కన పెట్టి చూడడం మంచిది. 1992లో అతడు ‘పరదేశి కర్ర’ అనే సాధనం రూపొందించాడు. బైబిలు కాలపు కాపరి కర్రను పోలిన ఆ కర్ర పైభాగంలో చిన్న తెర, అందులో కర్ర పట్టుకున్న వలసదారుని ముఖం, అతని కథ. మధ్యభాగంలోని గొట్టాలలో వీసా కాగితాలు, జ్ఞాపక వస్తువులు. తెర చాలా చిన్నది కనుక చూడాలంటే బాటసారి దగ్గరకు రావలెను. దగ్గరకు వచ్చినప్పుడు తెరమీది ముఖం, దాని పక్కనే అదే మనిషి అసలు ముఖం కనిపిస్తాయి. మాట కలుస్తుంది. ఒస్తోయిచ్ ఇచ్చినది తీర్పు. వొదిచ్కో ఇచ్చినది కలుపుకోవడానికి ఒక చిన్న పనిముట్టు. సంఘానికి రెండూ అవసరమే.

మన సంఘాలకు సంబంధించినది

ఇదంతా ఐరోపా విషయం అనుకోవడానికి వీలులేదు. మన పత్రికల వివాహ ప్రకటనలలో గ్రీన్‌కార్డు, హెచ్1బి అనే మాటలు కులం, శాఖ, సంఘం పేర్ల పక్కన చోటు సంపాదించుకున్నాయి. ఒస్తోయిచ్ వ్యంగ్యంగా రాసిన ప్రకటనను మన ఇళ్లలో గంభీరంగా రాస్తున్నాము. భర్త వీసా మీద హెచ్4తో అమెరికా వెళ్లిన భార్యలకు 2015 మే వరకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆ నెలలో కొందరికి మాత్రమే అనుమతించారు. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి ఏళ్ల తరబడి భర్త కాగితం మీది ఒక వరుసగా బ్రతికింది. విదేశీ సంబంధాలలో విడిచిపెట్టబడిన భార్యల ఫిర్యాదుల కోసం జాతీయ మహిళా కమిషన్ 2009లో ప్రత్యేక విభాగం తెరవవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

ఈ వ్యవస్థలో కాపరులమైన మేము ప్రేక్షకులం కాము. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు పొందిన సేవకుడు వివాహ రిజిస్టరులో సంతకం చేస్తాడు. ఆ ధ్రువపత్రం ప్రతి కాన్సులేటుకు పోతుంది. ఒస్తోయిచ్ గోడమీద వేలాడిన వివాహ పత్రం వంటి పత్రాలపై మన సంతకాలున్నాయి. కావున సంతకంతో మన పని ముగిసిందనడం న్యాయం కాదు. వివాహానికి ముందు జరిపే ఉపదేశంలో పెండ్లికుమార్తె తన వీసా ఏ తరగతిదో, దానితో తనకు ఏ హక్కులుంటాయో తెలుసుకొన్నదా? ఆమె పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉంటుందా? వెళ్లే ఊరిలో ఆమెకు స్వంతంగా మాట్లాడుకోగల సంఘం ఒకటి ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలు అడగడం ప్రమాణాలు చదివించడంతో సమానమైన సేవ.

ఇక మన గుమ్మంలోకి వచ్చినవారి సంగతి. ఒడిశాలోని బలాంగీర్, నువాపాడా ప్రాంతాల నుండి తెలంగాణ ఇటుక బట్టీలకు కుటుంబాలు వస్తున్నాయి. వారిలో విశ్వాసులు ఉన్న చోట తెలుగు ఆరాధనలో వెనుక బెంచీ చూపి, భాష నేర్చుకుంటే కలిసిపోతారులే అనుకోవడం సులభం. ఆ మాట డ్యుసెల్‌డోర్ఫ్ అధికారి మాటకు దూరం కాదు. బోయజు చేసింది అది కాదు. అతడు భోజనపు వరుసలో చోటు చూపాడు.

ముగింపు

ఎఫెసీ సంఘానికి పౌలు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పరజనులు, పరదేశులు సహపౌరులూ ఇంటివారూ అయ్యారు (2:19). ఎలా అయ్యారు? వారు గోడ ఎక్కి రాలేదు. గోడ పడగొట్టబడింది (2:14). పని లోపలి వైపు నుండి, యజమాని వైపు నుండి జరిగింది. రోమా పత్రిక 15:7లో మన తెలుగు బైబిలు వాడిన క్రియ చేర్చుకోవడం. అది ఆజ్ఞగా ఇవ్వబడింది. ఆ ఆజ్ఞ వచ్చినవారికే కాదు, ముందునుండి ఉన్నవారికి కూడా.

తాన్యా ఒస్తోయిచ్ ఐదేళ్లు కలిసిపోవడానికి కావలసిన కాగితాలన్నీ పూర్తిచేసి, కలుపుకోవడం అనే గడి ఖాళీగా మిగిలిన దస్త్రాన్ని మన ముందు పెట్టింది. ప్రభుత్వాలు ఆ గడిని నింపగలవో లేదో చెప్పలేము. సంఘం నింపగలదు, నింపవలెను. ఎందుకంటే పరదేశిగా ఉండి చేర్చుకొనబడినవారి సమూహానికే సంఘమని పేరు.